బాడీ మార్చాలా, ఉన్నదానితోనే లాగించాలా?

దసరా, దీపావళి ఆఫర్ల ప్రకటనలు మొదలయ్యాయంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. కెమెరా పాతబడింది, కొత్త బాడీ (లెన్సు కాకుండా ఒట్టి కెమెరా) ఏది కొనమంటారు అని. ఏది కొనాలో చెప్పడం తేలికే. అసలు కొనాలా వద్దా అన్నదే ముందు తేలాలి, దానికి నేను అడిగేది ఒక్కటే: ఇప్పుడున్న కెమెరాతో మీకు కుదరని ఫొటో ఏది? ఆ ఫొటోని కంప్యూటర్లో తెరిచి, షట్టర్ స్పీడ్ (సెకనులో ఎన్నో వంతు తెరుచుకుంది), అపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు), ఐఎస్ఓ (అందిన వెలుతుర్ని కెమెరా ఎంత పెంచింది), ఎన్ని ఎంఎం దగ్గర తీశారు (ఎంత జూమ్) అనే నాలుగు అంకెలు రాసి పంపమని పోయిన నెల అడిగాను. కొందరు నిజంగానే పంపారు. అందుకే ఈసారి ఒకటి రెండు జవాబులు బాగా పొడుగొచ్చాయి, ఓపిక పట్టండి.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2020లో కెనాన్ 200డి మార్క్ 2 కొన్నాను, 18-55, 55-250 లెన్సులు రెండూ కిట్‌లో వచ్చాయి. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. స్టేజీ మీద తీసిన ఫొటోలు ఒక్కటీ మనసుకు నచ్చట్లేదు. చేతులు చెదిరిపోతున్నాయి, మొహమంతా చుక్కలు చుక్కలు. మీరడిగిన అంకెలు: 1/80, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 6400, 200 ఎంఎం. షాపతను 'క్రాప్ సెన్సర్‌తో ఇంతేనండీ, ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లిపోండి' అంటూ కెనాన్ ఆర్8 చూపించాడు. కిట్ లెన్సుతో కలిపి లక్షన్నర అవుతుందట. మా ఆయనేమో ఫోన్లో తీస్తే సరిపోదా అంటారు. ఏం చెయ్యమంటారు సార్?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్కతోనే మాట్లాడుకుందామండీ.

మీ ఫొటోలో రెండు జబ్బులున్నాయి. చేతులు చెదరడానికి కారణం 1/80. మీ లెన్సులో ఉన్న స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ అమ్మాయి చేతి కదలికని ఆపలేదు, దానికి కనీసం 1/250 కావాలి, గెంతులుంటే 1/500. ఇక చుక్కలకి కారణం వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓని 6400 దాకా లాగడం. అంటే రెంటికీ మూలం ఒకటే, సెన్సర్ (లెన్సు వెనక ఫొటో పడే పలక) దాకా వెలుతురు చేరట్లేదు. ఎందుకు చేరట్లేదంటే మీ లెన్సు అంతకంటే తెరుచుకోదు.

ఇప్పుడు షాపతను చెప్పిన మార్గం చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు, వైశాల్యం 864. మీ కెమెరాలోని క్రాప్ సెన్సర్ 22.3 బై 14.9, అంటే సుమారు 332. భాగిస్తే 2.6 వస్తుంది. అదే ఎఫ్ అంకె, అదే షట్టర్ స్పీడు పెడితే ఫుల్ ఫ్రేమ్‌కి అందే మొత్తం వెలుతురు 2.6 రెట్లు ఎక్కువ. కాబట్టి దాంట్లో ఐఎస్ఓ 6400 ఫొటో మీ కెమెరాలో 2500 దగ్గర తీసినట్టు కనిపిస్తుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ షట్టర్ ఇంకా 1/80 దగ్గరే ఉంది! చేతులు ఇంకా చెదురుతూనే ఉన్నాయి. 1/250కి వెళ్లాలంటే ఐఎస్ఓని 20,000 చెయ్యాలి, దాన్ని 2.6తో భాగిస్తే 7,700. అంటే లక్షన్నర పెట్టాక వచ్చే ఫొటోలో చుక్కలు ఇప్పటికంటే కాస్త ఎక్కువే ఉంటాయి. కొత్త సెన్సర్ కాబట్టి ఓ పిసరు మెరుగుంటుందేమో గానీ ఈ లెక్క తలకిందులు కాదు.

ఇంకో మెలిక ఉంది, షాపుల్లో ఇది అడిగితే తప్ప చెప్పరు. మీ 55-250 క్రాప్ సెన్సర్ కోసం చేసిన లెన్సు. దాన్ని అడాప్టర్‌తో ఆర్8కి తగిలిస్తే కెమెరా తనంతట తానే సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్లలో మీకు మిగిలేది 9 చిల్లర. పైగా వాడుతున్నది మళ్లీ క్రాప్ సైజు ముక్కే కాబట్టి ఆ 2.6 రెట్ల లాభం కూడా పోయింది. పోనీ దాంతో వచ్చే 24-50 కిట్ లెన్సు వాడదామా అంటే, అది 50 దగ్గర ఎఫ్ 6.3, మీ దానికంటే ఇంకా చీకటి, స్టేజీ అందదు కూడా. షాపతను అబద్ధమేం చెప్పలేదు, ఫుల్ ఫ్రేమ్ మంచిదే. దానికి తగ్గ 70-200 ఎఫ్ 2.8 లెన్సు రెండు లక్షలు దాటుతుందన్న సంగతే మాటల్లోకి రాలేదు.

ఇక నా మార్గం. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8కి వస్తే ఎంత తేడా? 5.6ని 1.8తో భాగించి వర్గం చెయ్యండి: 9.7. దాదాపు పది రెట్ల వెలుతురు. ఆ పదిలో మూడు రెట్లు షట్టర్‌కి ఇవ్వండి, 1/80 కాస్తా 1/250 అయిపోతుంది. మిగిలిన మూడు రెట్లు ఐఎస్ఓకి ఇవ్వండి, 6400 కాస్తా 2000కి దిగుతుంది. చేతులు నిలిచాయి, చుక్కలూ తగ్గాయి, కెమెరా అదే. కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం పదివేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. స్టేజీకి ఇంకా బాగా పనికొచ్చేది 85 ఎంఎం ఎఫ్ 1.8. ఇది 1992 నాటి డిజైను, సెకండ్‌హ్యాండ్‌లో తరచూ కనిపిస్తుంది. మీ కెమెరా మీద అది 136 ఎంఎంలా పనిచేస్తుంది, ముందు వరసల్లో కూర్చుంటే ఒక మనిషి నిలువెత్తు ఫొటోకి అతికినట్టు సరిపోతుంది. ఇది ఫుల్ ఫ్రేమ్ లెన్సు కాబట్టి రేపు మీరు కెనాన్ ఆర్ వరసలో ఏ కెమెరా కొన్నా అడాప్టర్‌తో పూర్తిగా పనికొస్తుంది, డబ్బు వృథా కాదు.

అయితే మీరు 200 ఎంఎం దగ్గర తీస్తున్నారంటే ఎక్కడో వెనక వరసల్లో కూర్చుంటున్నారన్నమాట. జూమ్ లేని లెన్సుతో అది కుదరదు, ముందుకు రావాలి. ప్రోగ్రాం రోజు ముందు వరసలు అతిథులకి పోతాయి కాబట్టి గురువుగార్ని అడిగి, మేకప్, ఆహార్యం అన్నీ వేసుకుని చేసే ఫుల్ రిహార్సల్‌కి వెళ్లండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ అడ్డుకోరు, లైట్లు కూడా చాలావరకు అవే ఉంటాయి. చాలామంది తల్లిదండ్రులకి ఈ ఆలోచనే తట్టదు.

కొనకుండానే చెయ్యగలిగేది ఒకటుంది, ఇవాళే చూడండి. మీ కెమెరాలో కంటికి పెట్టుకుని చూసే వ్యూఫైండర్‌లో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే. అదే వెనక స్క్రీన్ మీద లైవ్ వ్యూలో తీస్తే డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ వస్తుంది, మొహాన్నీ కంటినీ వెతికి పట్టుకుంటుంది. ఒకే కెమెరాలో రెండు కెమెరాలున్నట్టు! స్టేజీకి లైవ్ వ్యూనే వాడండి. స్క్రీన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లు తిట్టుకుంటారు. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఇంకోటి జేబులో ఉంచుకోండి.

వెనక తెర నల్లగా ఉంటే కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది, అమ్మాయి మొహం తెల్లగా పాలిపోతుంది. మాన్యువల్‌లో 1/250, ఎఫ్ 2 పెట్టి ఐఎస్ఓ మాత్రం ఆటోలో వదిలి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురు దిద్దుబాటు) మైనస్ 1 దగ్గర మొదలుపెట్టండి. 85తో ఆరు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు అడుగు కంటే కాస్త ఎక్కువ, అంతే. మొహం వస్తుంది, ముందుకు చాచిన హస్తం కొంచెం మసకబారొచ్చు. అది అందంగానే ఉంటుంది గానీ పది మంది వరసగా చేసే బృంద నృత్యానికి మాత్రం ఎఫ్ 1.8 పనికిరాదు. జతి అయ్యి తీర్మానం పడ్డాక ఒక్క క్షణం భంగిమ నిలుస్తుంది చూడండి, అది ఎప్పుడొస్తుందో ఆ ఐటం రోజూ ఇంట్లో వింటున్న మీకు తెలిసినంతగా బయటి ఫొటోగ్రాఫర్‌కి తెలీదు. అది మీ దగ్గరున్న పెద్ద ఆస్తి. అక్కడ 1/125 అయినా సరిపోతుంది. ఫొటోలు రా ఫార్మాట్‌లో (కెమెరా తన దిద్దుబాట్లు చెయ్యని ఫైలు) తీసి, కెనాన్ ఉచితంగా ఇచ్చే డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్‌లో సరిచేసుకోండి. లైట్‌రూమ్‌లో 2023 నుంచి వచ్చిన ఏఐ డీనాయిస్ చుక్కల్ని చాలా శుభ్రంగా తీసేస్తోంది, ఇంట్లో దానికి తట్టుకునే కంప్యూటర్ ఉంటే అదీ చూడొచ్చు.

ఇదంతా చేశాక కూడా, వెలుతురు చాలుతోంది, స్పీడు చాలుతోంది, కానీ కదలికల్లో ఫోకస్ తప్పిపోతోంది అనిపిస్తే అప్పుడు బాడీ మార్చండి. అప్పుడు కూడా ఫుల్ ఫ్రేమే అక్కర్లేదు, ఆర్10 చాలు. మీ ఆయన మాట పగటి వెలుతురు వరకూ నిజమేనండీ. రాత్రి స్టేజీ మీద జూమ్ చేసి ఫోన్లో తీసింది ప్రింటు వేయించి చూపించండి, ఆయనే మాట మార్చుకుంటారు.

అన్నా, నేను డిగ్రీ చదువుతున్నా. నికాన్ డి5600, ఏఎఫ్-పి 70-300 లెన్సు ఉన్నాయి. కొల్లేటి ఆటపాకలో గూడబాతులు బాగానే వస్తున్నాయి గానీ లకుముకి పిట్ట నీళ్లలోకి దూకేది ఒక్కసారీ దొరకలేదు. ఫోకస్ వెనకున్న గడ్డి మీదకి పోతోంది. అంకెలు: 1/2000, ఎఫ్ 6.3, ఐఎస్ఓ 1600, 300 ఎంఎం. పార్ట్‌టైం పని చేసి దాచినవీ నాన్న ఇస్తానన్నవీ కలిపి 60 వేలు ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్ డి500 కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగి జెడ్50 మార్క్ 2 కొనాలా? రెంటిలోనూ 20.9 మెగాపిక్సెళ్లే, నా దాంట్లో 24 ఉన్నాయి, వెనక్కి పోయినట్టు కాదా?
– ఒక విద్యార్థి, కైకలూరు

తమ్ముడూ, నీ అంకెల్లో తప్పేం లేదు. షట్టర్ సరిపోయింది, ఐఎస్ఓ హద్దులోనే ఉంది, లెన్సు చివరిదాకా వాడావు. అయినా ఫోకస్ గడ్డి మీదకి పోతోందంటే ఇది బాడీ దగ్గర ఆగిన ఫొటో. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఫొటో కోసం బాడీ మార్చు అని నేను నోరారా చెప్పేది నీ ఒక్కడికే.

అయితే ముందు రెండు విషయాలు చూసుకో. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్ట ఫొటోని పూర్తి సైజులో చూడు. అదీ మసకగా ఉంటే బాడీ మార్చినా బాగుపడదు. పొద్దు ఎక్కాక నీళ్ల మీద నుంచి లేచే వేడి గాలి దూరంగా ఉన్న పిట్ట మీద వణుకుతూ ఉంటుంది. దాన్ని ఏ కెమెరా, ఏ లెన్సు ఆపలేవు. తెల్లారిన తర్వాత మొదటి రెండు గంటల్లో తీసినవాటిని మధ్యాహ్నం తీసినవాటితో పోల్చి చూడు, నీకే తెలుస్తుంది. రెండోది, ఫోకస్ మోడ్ ఏఎఫ్-సీలో (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) ఉందా, అన్ని పాయింట్లూ ఆటోలో వదిలేశావా? ఆటోలో వదిలితే అది ఎప్పుడూ కాంట్రాస్ట్ ఎక్కువున్న గడ్డినే ఎంచుకుంటుంది. డైనమిక్ 9 పాయింట్లు పెట్టి ఓ వారం తిప్పు.

ఆ తర్వాత కూడా ఇంతే అయితే, డి5600లో 39 పాయింట్లు, సెకనుకి 5 ఫొటోలు. డి500లో 153 పాయింట్లు, ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంటాయి, సెకనుకి 10. ఇది 2016 కెమెరా, తయారీ ఎప్పుడో ఆపేశారు, కానీ పక్షుల ఫొటోలు తీసేవాళ్లు చాలామంది ఇంకా వదల్లేదు. పదేళ్ల నాటి మోడల్ అని మొహం తిప్పుకోకు, పిట్టకి మోడల్ సంవత్సరం తెలీదు.

జెడ్50 మార్క్ 2 సంగతి వేరు. 2024 చివర్లో వచ్చింది, జెడ్8, జెడ్9లలో ఉన్న ప్రాసెసరే దీంట్లోనూ పెట్టారు, పక్షుల్ని గుర్తుపట్టడానికి విడిగా ఒక మోడ్ ఉంది. నీకు కావాల్సిన ఇంకో సదుపాయం ప్రీ-రిలీజ్ క్యాప్చర్: బటన్ సగం నొక్కి పట్టుకుంటే, నువ్వు పూర్తిగా నొక్కడానికి ముందు క్షణాల్లోని ఫ్రేములు కూడా దాచి ఇస్తుంది. లకుముకి దూకడం చూశాక నొక్కినా సరిపోతుంది. కాకపోతే అది జేపెగ్‌లోనే వస్తుంది, ఎలక్ట్రానిక్ షట్టర్ కాబట్టి వేగంగా కొట్టే రెక్కలు ఒక్కోసారి వంకరగా వస్తాయి. ధర బాడీకే 80 వేలకి అటూ ఇటూ, నీ లెన్సు తగిలించడానికి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఖర్చు మళ్లీ వేరే.

నీ జేబు చూస్తే డి500 అంటాను. నీ 70-300 నేరుగా ఎక్కుతుంది. జనం మిర్రర్‌లెస్‌కి (డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే అద్దం లేని కొత్త రకం) మారుతూ నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకి తగిలే పాత ఎఫ్ మౌంట్ లెన్సులు అమ్మేసుకుంటున్నారు, రెండేళ్లు ఆగి సెకండ్‌హ్యాండ్ 200-500 ఎఫ్ 5.6 పట్టుకో, అది 2.3 కేజీలు, ఇప్పటినుంచే భుజం గట్టి చేసుకో. డి500లో పడే ఎక్స్‌క్యూడీ కార్డు ఖరీదని భయపడకు, రెండో స్లాట్‌లో మామూలు ఎస్‌డీ కార్డు పడుతుంది. మామూలుగా నేను కొనేముందు అద్దెకి తెచ్చుకోమంటాను. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అద్దెకిచ్చేవాళ్లు దొరికితే చలికాలంలో వలస పక్షులు దిగాక ఓ శని, ఆదివారాలు రెండు కెమెరాలూ తెచ్చి చూసుకో, నా మాట తప్పని తేలినా నాకు సంతోషమే.

మెగాపిక్సెళ్ల గొడవ వదిలెయ్. నీ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, వాటిది 5568. తేడా ఏడు శాతం. ఫోకస్ తప్పిన 24 మెగాపిక్సెళ్ల కంటే ఇది ఎంతో మేలు. ఇంకోమాట, గూళ్లు కట్టే కాలంలో పడవ మరీ దగ్గరకి పోనివ్వమని పడవాయన్ని బతిమాలకు.

తోడబుట్టినదాని పెళ్లికి క్యాండిడ్ ఫొటోగ్రాఫర్‌తో పాటు నేనూ తీద్దామనుకుంటున్నా. 12x36 ఆల్బమ్‌కి నా 24 మెగాపిక్సెళ్లు చాలవు, 33 ఉన్నది కొనమని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

కాదండీ. 12x36 అంటే రెండు పేజీలు కలిపి, ఒక పేజీ 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 5400 బై 3600 కావాలి, మీ దగ్గర 6000 బై 4000 ఉన్నాయి, ఇంకా మిగులు. ఒకే ఫొటోని రెండు పేజీలకీ పరిస్తే అంగుళానికి 167 పడతాయి, ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని చూసే దూరానికి అదీ నడుస్తుంది. 33కి వెళ్తే వెడల్పు 7000 అవుతుంది, పెరిగేది 17 శాతం. ఆ డబ్బుతో ఒక మంచి ఫ్లాష్ కొనండి, తెల్లవారుజాము ముహూర్తాలకి అదే దిక్కు. కొనేముందు మీ కెమెరా మోడల్ చూసుకోండి: కెనాన్ 1500డి, 200డి మార్క్ 2 లాంటి వాటిలో ఫ్లాష్ తగిలించే చోట మధ్య పిన్ను తీసేశారు, చవక ఫ్లాషులూ ట్రిగ్గర్లూ వాటి మీద పనిచెయ్యవు. షాపులో మీ కెమెరాకే తగిలించి, వెలిగించి చూసి తెచ్చుకోండి.

రిటైరై మూడేళ్లయింది. నికాన్ డి7200 ఉంది. ఫిల్ము రోజుల్లో కొన్న 50 ఎంఎం 1.8డి, 80-200 ఎఫ్ 2.8డి ఇప్పటికీ దానికే వాడుతున్నాను. ఇక డీఎస్ఎల్ఆర్‌లు రావు, మిర్రర్‌లెస్‌కి మారిపో నాన్నా అని పిల్లలు పోరుతున్నారు. బరువు మొయ్యలేకపోతున్న మాట నిజమే, చత్వారం వల్ల వెనక స్క్రీన్ చూడాలంటే ప్రతిసారీ కళ్లజోడు వెతుక్కోవాల్సి వస్తోంది. కానీ నా ఫొటోలకి ఏ లోటూ లేదు. మారాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

పిల్లలు చెప్పిన కారణం కంటే మీరు చెప్పిన కారణమే బలమైనదండీ. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు, అది నిజం. అయితే మాత్రం మీ దగ్గరున్నది రాత్రికి రాత్రి ఆగిపోదుగా. ఫొటోలకి లోటు లేదంటున్నారు కాబట్టి ఫొటోల కోసమైతే మారక్కర్లేదు.

కానీ మెడకీ కంటికీ ఇబ్బంది అయితే అది కూడా బాడీ మార్చడానికి సరైన కారణమే. దీని గురించి ఎవరూ రాయరు, యూట్యూబ్‌లో పరీక్షలన్నీ పాతికేళ్ల కుర్రాళ్లు చేస్తారు కదా. మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్ అంటే లోపలున్న చిన్న స్క్రీను. పక్కనున్న చిన్న చక్రం తిప్పి మీ చూపుకి సరిచేసుకుంటే తీసిన ఫొటో చూడటం, పెద్దది చేసి ఫోకస్ సరిచూడటం, మెనూ చదవడం అన్నీ కన్ను తియ్యకుండా అందులోనే అయిపోతాయి. కళ్లజోడు వెతుకులాట ఉండదు. బరువు సంగతికొస్తే మీ డి7200 బ్యాటరీతో 765 గ్రాములు, 80-200 ఒక్కటే కేజీ పైన. జెడ్50 మార్క్ 2 బ్యాటరీ, కార్డుతో కలిపి 550, దాని 16-50 లెన్సు 135 గ్రాములే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మీ డీ లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, కెమెరాలో ఉన్న మోటారే వాటిని తిప్పుతుంది. మీ డి7200లో అది ఉంది. జెడ్ కెమెరాల్లోనూ లేదు, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. అడాప్టర్ కొంటే పాత లెన్సులన్నీ ఆడతాయి అని ఎవరైనా చెబితే, ఆడతాయి గానీ చేత్తో ఫోకస్ చేసుకోవాలి అని అర్థం. అందుకని అడాప్టర్ మీద డబ్బు పెట్టకండి. డి7200నీ ఆ రెండు లెన్సుల్నీ అమ్మినా పెద్దగా రాదు, ఉంచుకోండి. కొత్త కెమెరా, చిన్న లెన్సు కొనుక్కుని కొండ మీదకి నడిచి వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లండి, మనవలొచ్చినప్పుడు ఇంట్లో 80-200 తియ్యండి. పెన్షన్ డబ్బు మీది, ఇష్టపడి కొనుక్కుంటున్నానని పిల్లలకి చెప్పెయ్యండి, టెక్నికల్ కారణాలేవీ వెతుక్కోవాల్సిన పన్లేదు.

మా తమ్ముడు సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తున్నాడు. అక్కడ కొని తెమ్మంటే చవకేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

వెబ్‌సైట్లో కనిపించే డాలర్ల ధరకి ముందు అక్కడి సేల్స్ ట్యాక్స్ కలపండి, డల్లాస్‌లో 8.25 శాతం. ఆ తర్వాత రూపాయల్లోకి మార్చి, ఇక్కడి పండగ ఆఫర్ ధర పక్కన పెట్టి చూడండి. బాడీల మీద చాలాసార్లు మిగిలేది అనుకున్నంత ఉండదు. బాడీకి వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది, ఇక్కడ పాడైతే రిపేరు ఖర్చు మీదే, లేదా మళ్లీ ఎవరో అమెరికా వెళ్లేదాకా ఆగాలి. కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించడానికి బిల్లు తమ్ముడి దగ్గరే ఉండాలి, ఉచిత పరిమితి దాటితే పన్ను పడుతుంది. లెన్సయితే తెప్పించుకోవచ్చు, పాడయ్యే అవకాశం తక్కువ. పేర్ల దగ్గర తికమక పడకండి, ఇక్కడ 200డి మార్క్ 2 అని అమ్మిందే అక్కడ రెబల్ ఎస్ఎల్3. ఛార్జర్ గురించి దిగులొద్దు, మన కరెంటుకీ పనిచేస్తుంది, పిన్నుకి కన్వర్టర్ ఉంటే చాలు.

సెకండ్‌హ్యాండ్ డి7500 చూశాను, షట్టర్ కౌంట్ 62 వేలంటున్నాడు. ఆయుష్షు అయిపోయినట్టేనా? ఏమేం చూసి తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

అయిపోలేదు. డి7500 షట్టర్‌ని కంపెనీ లక్షా యాభై వేల క్లిక్కులకి పరీక్షించింది. అది గడువు తేదీ కాదు, దాని తర్వాత కూడా నడిచేవి నడుస్తాయి, ముందే పోయేవీ ఉంటాయి. అతను చెప్పింది నమ్మక్కర్లేదు: మీ కార్డు వేసి అక్కడికక్కడే ఒక ఫొటో తియ్యండి, నికాన్ ఫొటో ఫైల్లోనే ఆ అంకె ఉంటుంది, ఎగ్జిఫ్ (ఫొటోతో పాటు ఫైల్లో దాగే వివరాలు) చదివే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కనిపిస్తుంది. కెనాన్ కొనేవాళ్లకి చాలా మోడళ్లలో ఈ సౌకర్యం లేదు.

అంకె కంటే ముఖ్యమైనవి ఉన్నాయి. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో కాస్త ఫోకస్ తప్పించి తీసి పెద్దది చేసి చూడండి, చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము, అది శుభ్రం చేయించుకోవచ్చు. గీతలా కనిపిస్తే వదిలెయ్యండి. లెన్సు కూడా ఇస్తున్నాడంటే ఒక పక్క నుంచి టార్చి వేసి రెండో పక్క నుంచి చూడండి, సాలెగూడు పోగుల్లాంటివి ఉంటే ఫంగస్, ఎంత చవకైనా వద్దు. సముద్రం పక్క ఊళ్లలో బీరువాలో మూసిపెట్టిన సెట్లలో ఇది ఎక్కువ. కార్డు తలుపు గట్టిగా మూసుకుంటోందా, రబ్బరు గ్రిప్పు ఊడొస్తోందా, ఫ్లాష్ వెలుగుతోందా, అన్ని బటన్లూ ఒకసారి నొక్కి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే కొత్తదానికయ్యే ఖర్చు ధరలో తగ్గించమనండి. చివరగా కెమెరా మీద సీరియల్ నంబరు, పెట్టె మీద నంబరు, బిల్లు మీద నంబరు మూడూ కలవాలి. బిల్లు ఊళ్లో ఉంది, రేపు పంపిస్తా అంటే డబ్బు కూడా రేపే ఇస్తానని చెప్పండి.